కాపాడి తెచ్చిన పశువుకు మొదటి నెల

కబేళాకు పోతున్న లారీలోంచి దింపిన కోడె కావచ్చు, వట్టిపోయిందని రోడ్డు మీద వదిలేసిన ఆవు కావచ్చు, దుక్కికి పనికిరాదని తోలేసిన ముసలి ఒంగోలు ఎద్దు కావచ్చు. పొలంలో పాక వేసి ఇంటిల్లిపాదీ చూసుకునే చోటికి చేరాక దానికి అసలు గండం మొదటి పది రోజుల్లోనే ఉంటుంది. ఆ గండానికి ఆకలి ఒక్కటే కారణం కాదు. పాపం ఆకలితో ఉందని ఒక్కసారే ముందు పోసిన తిండి కూడా కారణమే.

దింపేటప్పుడు తాళ్ల ముడులు విప్పుతూ కూర్చోవద్దు, కోసేయండి. లారీ మీద నుంచి దూకనివ్వకూడదు. చాలాసేపు ఇరుకున నిలబడ్డ కాళ్లకు పట్టు ఉండదు, దూకితే తుంటి జారుతుంది. మట్టిగట్టుకు లారీని ఆనించండి. గట్టు లేకపోతే గడ్డికట్టలు మెట్లలా పేర్చి వాటి మీదుగా నడిపించండి.

ముందు నీళ్లు. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే రెండు సెకన్లలో సర్దుకోవాలి. ముడతపడి అలాగే నిలిచినా, కళ్లు లోతుకు పోయినా ఒంట్లో నీరు బాగా తగ్గిందని అర్థం. అప్పుడు తొట్టి దగ్గరికి వదిలేయకండి. పెద్ద పశువుకు 5 నుంచి 7 లీటర్లు పెట్టి, అరగంట ఆగి మళ్లీ అంతే పెట్టాలి. దూడకైతే ఒక్కసారికి లీటరు చాలు. పది లీటర్ల నీళ్లకు 50 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల బెల్లం కలపవచ్చు. దానంతట అది తాగాలి తప్ప నాలుక లాగి గొట్టంతో పోయకూడదు. పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, బలహీనంగా ఉన్న పశువు దాన్ని తట్టుకోవడం కష్టం.

తిండి లెక్క బరువును బట్టి ఉంటుంది. కాటా లేకపోయినా టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే సుమారు 273 కిలోలు. రోజుకు ఆ బరువులో రెండు శాతం ఎండుమేత కావాలి, అంటే అయిదున్నర కిలోలు. కానీ మొదటి రోజు రెండు కిలోల వరిగడ్డి చాలు, అదీ నాలుగు విడతలుగా. రోజుకు కొంత పెంచుతూ వారానికి పూర్తి మేతకు రండి. పచ్చిమేత మూడో రోజు నుంచి పిడికెళ్లతో మొదలుపెట్టండి. దాణా ఎనిమిదో రోజు దాకా వద్దు. తర్వాత పావుకిలోతో మొదలుపెట్టి మూడు రోజులకోసారి పావుకిలో పెంచుతూ కిలో, కిలోన్నర దగ్గర ఆపండి. అందులో 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు కలపండి. బూజు వాసన వచ్చే వేరుశనగ చెక్క ఎంత చవకగా దొరికినా వాడొద్దు, అందులో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంటుంది. ఎండకు గిడసబారిన లేత జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకలు అసలు వేయకూడదు. వాటిలో ఉండే సైనైడు నిమిషాల్లో చంపగలదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పశువు కడుపులో గడ్డిని అరిగించేవి సూక్ష్మజీవులు. రోజుల తరబడి పస్తుంటే అవి తగ్గిపోతాయి. ఆ స్థితిలో అన్నం, ఇడ్లీ పిండి, అరటిపళ్లు, బెల్లం ఎక్కువగా పడితే కడుపులో పులుపు ఒక్కసారిగా పెరుగుతుంది. కనుమ నాడు, పెళ్లిళ్ల సీజన్లో ఈ ప్రమాదం ఎక్కువ. భక్తితో వచ్చినవాళ్లు మిగిలిన అన్నం బకెట్లతో తెస్తారు. వాళ్లకు దండం పెట్టి ఆపండి, బదులుగా ఒక గడ్డికట్ట ఇవ్వమని అడగండి. పొరపాటున తిన్నదంటే రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. నెమరు ఆగడం, ఎడమ డొక్క ఉబ్బడం, పుల్లటి వాసనతో పల్చటి పేడ, తూలుతున్న నడక కనిపిస్తే మేత ఆపి వెంటనే డాక్టరును పిలవండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి ఉంచితే రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు కడుపు కదిలి చేతిని తోయాలి. పొద్దునా సాయంత్రం ఇది చూడటం ఇంట్లో పిల్లలకైనా నేర్పవచ్చు.

పడిపోయి లేవలేని పశువును సిమెంటు నేల మీద ఉంచితే సొంత బరువుకే కింది కండరం చచ్చుబడుతుంది. దానికి కొన్ని గంటలు చాలు. అప్పుడు మొదటి జబ్బు తగ్గినా కాళ్లు లేవవు. ఇసుక గానీ, జానెడు మందాన గడ్డి గానీ పరిచి రొమ్ము మీద కూర్చోబెట్టండి, పక్కకు ఒరగకుండా గడ్డి కుక్కిన గోనెసంచులు రెండువైపులా ఆనించండి. పక్క మీద పడుకుంటే ఉబ్బరం వస్తుంది. మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా, రెండో పక్కకు తిప్పాలి. వంతులు వేసుకోకపోతే తెల్లవారుజామున ఒక వంతు తప్పిపోతుంది. వెడల్పు పట్టీలతో లేపినప్పుడు పది, పదిహేను నిమిషాలకు మించి వేలాడదీయకూడదు. కాల్షియం సూది మాత్రం డాక్టరే వేయాలి, నరంలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగుతుంది.

ముక్కుతాడు కోసిన పుండులో, కొమ్ము మొదట్లో, తోక కింద పురుగులు పట్టాయేమో తడిమి చూడండి. టర్పెంటైన్ నూనెలో తడిపిన గుడ్డను పుండులో పెట్టి, బయటికి వచ్చిన పురుగులను పట్టకారుతో తీసి, అయోడిన్ ద్రావణంతో కడగాలి. ఒక్కసారికి అన్నీ రావు, వరుసగా నాలుగైదు రోజులు చేయాలి. నొప్పి మందు మెలాక్సికామ్ అడగండి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన పశువు చనిపోతే కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చస్తాయి.

ఊళ్లో చెత్తకుప్పల మీద బతికిన ఆవు బక్కచిక్కి, పొట్ట మాత్రం పెద్దగా ఉండి, మాటిమాటికీ ఉబ్బరం వస్తుంటే లోపల ప్లాస్టిక్ ఉందని అనుమానించాలి. దాన్ని కరిగించే మందు లేదు. కడుపు కోసి తీయడమే దారి, అది కూడా కాస్త ఒళ్లు చేశాకే.

కొత్త పశువును పాతవాటితో కలపడానికి నెల ఆగండి. పాక, తొట్టి, బకెట్టు, చీపురు అన్నీ వేరుగా ఉండాలి. పాతవాటి పని అయ్యాకే కొత్తదాని దగ్గరికి వెళ్లండి. ఈ నెలలో గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, ముద్దచర్మ వ్యాధి టీకాలు ఎప్పుడెప్పుడు వేయాలో డాక్టరుతో రాయించుకోండి. నీరసం తగ్గకముందే టీకాలు వద్దు. పిడుదుల మందు కొట్టించండి. ఆడ పశువుకు చూడి పరీక్ష, బ్రూసెల్లా (చూడి పోయేలా చేసే అంటుజబ్బు) రక్తపరీక్ష తప్పనిసరి. బ్రూసెల్లా మనుషులకూ వస్తుంది కాబట్టి నెలలు నిండకుండా పడిపోయిన పిండాన్నీ, మాయనూ ఉత్త చేతులతో ముట్టుకోకూడదు, పచ్చిపాలు ఎవరికీ ఇవ్వకూడదు. కోడెలకు వృషణాలు నొక్కించండి. ఇక్కడే దూడలు పుడుతూ పోతే రేపు తలుపు తట్టే పశువుకు చోటు ఉండదు.

పోలీసులు పట్టుకుని అప్పగించినవైతే ఎఫ్‌ఐఆర్ నకలు, ఒక్కో పశువు ఫోటో, చెవికి వేసిన గుర్తింపు పోగు మీది 12 అంకెలు దాచండి. కేసు తేలేదాకా అవి కోర్టు ఆధీనంలోని పశువులు, ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు.

ఒప్పుకునే ముందే మేత లెక్క వేయండి. పది పశువులకు రోజుకు 60 కిలోల ఎండుగడ్డి, 100 కిలోల పచ్చిమేత అనుకుంటే ఏడాదికి 22 టన్నుల వరిగడ్డి, నీటి వసతి ఉన్న ఎకరంలో నేపియర్ పచ్చిగడ్డి కావాలి. వరికోతలప్పుడు గడ్డి చవక, అప్పుడే ఏడాదికి సరిపడా కొనిపెట్టండి. పశువుకు నీడలో 3.5 చదరపు మీటర్లు, ఆరుబయట 7 చదరపు మీటర్లు చొప్పున చోటు వదలండి.

మందలో వదిలే రోజు, మిగతావి మేత మీద ఉన్న వేళ చూసి తీసుకెళ్లండి. ఆ రోజు తొట్లు ఒకటి ఎక్కువ పెట్టి, దూరదూరంగా ఉంచండి. లేకపోతే కొమ్ముల బలమున్నవి కొత్తదాన్ని నీళ్ల దగ్గరికి రానివ్వవు. ఆ సాయంత్రం అది నెమరు వేస్తోందో లేదో చూడండి. వేయకపోతే ఆ రాత్రికి మళ్లీ పాత పాకలోనే కట్టండి.