ఎనిమిది అడుగుల రింగు, యాభై మార్కులు: వేసవి క్యాంపులో డంక్ పోటీ పెట్టే పద్ధతి

హన్మకొండలో పీఈటీ టీచర్‌ని. మా వేసవి క్యాంపు ఆఖరి సాయంత్రం తల్లిదండ్రులు ఫోన్లు పక్కన పెట్టి చూసేది డంక్ పోటీ ఒక్కటే. బాస్కెట్‌బాల్‌లో ఎగిరి, బంతిని రింగు పైనుంచి చేత్తో లోపలికి కొట్టడమే డంక్. మీ బడిలోనూ పెట్టొచ్చు.

ముందు ఎత్తు సంగతి. అసలు రింగు 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. తొమ్మిదో తరగతి పిల్లలను దాని కింద నిలబెడితే "మేడమ్, అందుతలేదు" అనే మాట తప్ప ఇంకేమీ వినపడదు. వేళ్లకు చాక్‌పీస్ పొడి రాసి, ఎగిరి గోడ మీద గుర్తు పెట్టమనండి. రింగు ఆ గుర్తుకు అర అడుగు కింద ఉండాలి. వేళ్లు రింగును తాకితే సరిపోదు, బంతి దాని పైకి వెళ్లాలి కదా. అందరికన్నా బాగా ఎగిరేవాడి గుర్తు మాత్రం లెక్కలోకి తీసుకోకండి, మిగతావాళ్లు చప్పట్లకే మిగులుతారు. మధ్యరకం వాడి గుర్తు చూడండి. మా దగ్గర రింగు 8 అడుగుల దగ్గర ఆగుతుంది.

స్తంభం వెల్డింగ్ షాపులో చేయించండి. పైపులో పైపు జారాలి, రంధ్రాల్లో బోల్టు దిగాలి. రింగు లోపలి వ్యాసం 18 అంగుళాలని కాగితం మీద రాసివ్వండి. అడుగున ఇసుక బస్తాలు వేయాల్సిందే. రింగు పట్టుకుని వేలాడితే ఆ డంక్‌కు మార్కులు లేవని ముందే చెప్పండి. 1979లో అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డారిల్ డాకిన్స్ అనే ఆటగాడు డంక్ కొట్టి, నెల తిరక్కుండా రింగు వెనకుండే గాజు బోర్డులు రెండు పగలగొట్టాడు. ఆ దెబ్బతోనే, బరువు పడితే వంగి మళ్లీ పైకి లేచే రింగులు ఎన్‌బీఏలోకి వచ్చాయి. మన రింగు వంగదు, స్తంభమే మీద పడుతుంది.

మగవాళ్ల ఆటలో వాడే ఏడో నంబరు బంతి పిల్లల ఒంటి చేతిలో నిలవదు. దానికన్నా చిన్నదైన ఐదో నంబరు ఇవ్వండి, సగం డంకులు అక్కడే పుడతాయి.

ఇక అసలు పని. ఎగరడం వారంలో కొంత వస్తుంది, జనం ముందుకు రావడమే రాదు. ఆ డాకిన్సే తను లవ్‌ట్రాన్ అనే గ్రహం నుంచి వచ్చానని చెప్పుకునేవాడు, తన డంకులకు పేర్లు పెట్టుకునేవాడు. అందుకే మా పిల్లలతో చీటీ మీద డంక్ పేరు రాయిస్తాను, మైకులో అదే చదువుతాను. నోరు విప్పని పిల్లలకు డీ బ్రౌన్ కథ చెప్తాను. 1991లో ఎన్‌బీఏ ఏటా పెట్టే డంక్ పోటీలో అతను ఒక్క మాట లేకుండా వంగి, పంపున్న తన బూట్లలోకి గాలి కొట్టుకున్నాడు, ఆఖరి డంక్‌కు మోచేత్తో కళ్లు మూసుకున్నాడు, గెలిచాడు. పొట్టివాళ్లకు స్పడ్ వెబ్. 5 అడుగుల 7 అంగుళాల మనిషి, 1986లో సొంత జట్టులోని డొమినిక్ విల్కిన్స్‌నే ఓడించాడు.

2008లో డ్వైట్ హోవర్డ్ సూపర్‌మ్యాన్‌లా వీపు మీద ఎర్ర గుడ్డ కట్టుకుని గెలిచాడు. మావాళ్లు దానికి బదులు గొంగడి కప్పుకుంటామంటారు. సరే, కానీ ముడి వేయనివ్వకండి, లాగితే ఊడిపోవాలి. అదే పోటీలో జెరాల్డ్ గ్రీన్ రింగు దగ్గర కేకు పెట్టించి, గాల్లో కొవ్వొత్తి ఊది డంక్ కొట్టాడు. నాకు హోవర్డ్ కన్నా అతనే ఇష్టం. 2011లో బ్లేక్ గ్రిఫిన్ కారు ముందు భాగం మీదుగా దూకాడు కదా అని బండి తెచ్చేవాడొకడు ఎప్పుడూ ఉంటాడు. పుస్తకాల సంచులు దాటించండి, చాలు.

ఒక్కో డంక్‌కు మూడే ప్రయత్నాలు. 2006లో నేట్ రాబిన్సన్ ఒక్క డంక్ కోసం పద్నాలుగు సార్లు ప్రయత్నించాడు, చివరికి కప్పు అతనిదే. మన జనానికి అంత ఓపిక లేదు.

జడ్జిలు ఐదుగురు, ఒక్కొక్కరు 6 నుంచి 10 వరకు ఇస్తారు, మొత్తం 50. ఎంత పేలవంగా ఆడినా 30 వస్తాయి, ఎవరూ ఏడ్చుకుంటూ ఇంటికి పోరు. జడ్జిల్లో ఒకరుగా మా ఆయమ్మను కూర్చోబెడతాను. ట్రావెలింగ్ (బంతిని నేలకు కొట్టకుండా పట్టుకుని నడిచే తప్పు) అంటే ఆమెకు తెలియదు గానీ, ఏ డంక్‌కు తను కుర్చీలోంచి లేచిందో తెలుసు.

ఐదున్నర దాటాక మొదలుపెట్టండి. కోర్టు కాలుతోందని నీళ్లు చల్లకండి, జారతారు. అయిపోగానే స్తంభాన్ని పడుకోబెట్టి స్టోర్ రూములో తాళం వేయండి. లేదంటే తెల్లారేసరికి కాలేజీ పిల్లలు దానికి వేలాడి ఉంటారు.