10/22కి వేషం మార్చే ముందు

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో వారాంతం తుపాకీ కాల్చడానికి షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. వాళ్లలో వడ్రంగం సరదా కూడా ఉన్నవాళ్లు చాలామంది చివరికి రూగర్ 10/22 దగ్గరికే చేరతారు. 1964 నుంచి వస్తున్న .22 రైఫిల్ ఇది. మ్యాగజైన్ (తూటాలు పెట్టే పెట్టె) ముందున్న ఒక్క స్క్రూ విప్పి, బారెల్ చుట్టూ పట్టీ ఉంటే దాన్ని సడలిస్తే చాలు, ఇనుమంతా చెక్కలోంచి బయటికి వచ్చేస్తుంది. అందుకే దీనికి కొత్త స్టాక్, అంటే ఇనుమును పట్టి ఉంచి భుజానికి ఆనే చెక్క భాగం, చెక్కి రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎం1 కార్బైన్‌లా, థామ్సన్‌లా, ఆ తర్వాత వచ్చిన ఎం14లా తయారుచేయడం అక్కడ పాత సరదా. చూడ్డానికి యుద్ధ తుపాకీ, లోపల మాత్రం అదే చిన్న తూటా.

పగటివేషగాడికి తానెవరో తెలుసు, తెలియనిది చూసేవాళ్లకే. ఇక్కడ చూసేవాళ్లంటే పోలీసులు, పక్కింటివాళ్లు, మీ పిల్లలు, మీరుండే రాష్ట్రపు చట్టం. చలికాలం రాగానే గరాజ్‌లో చెక్క పని మొదలెట్టేవాళ్లు ఉలి పట్టే ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు వీసా సంగతి

అన్నిటికన్నా ముందు ఇది చెప్పాలి. ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వీసా లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. కొనకూడదని మాత్రమే కాదు, చేతిలో ఉండకూడదు. మినహాయింపులు కొన్నే. వాటిలో మామూలుగా పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. 2022 నుంచి ఈ నేరానికి శిక్ష 15 ఏళ్ల దాకా పెరిగింది. కేసు పడితే వీసా సంగతి ఇక చెప్పక్కర్లేదు.

చెక్క స్టాక్ ఒక్కటే అయితే ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ కాదు, రిసీవర్‌నే, అంటే పేల్చే యంత్రాంగం కూర్చునే లోహపు భాగాన్నే, తుపాకీగా లెక్కేస్తారు. కాబట్టి హెచ్-1బీ మీద ఉన్న తమ్ముడు మీ గరాజ్‌కి వచ్చి వాల్‌నట్ దుంగ చిత్రిక పట్టొచ్చు. దాన్ని రైఫిల్‌కి బిగించి భుజానికి ఆనించుకుంటేనే చిక్కు. కొలతలు సరిచూడాలంటే రిసీవర్ పైకొలతలతో ఒక చెక్క దిమ్మ చేసుకుని దాంతోనే పని కానివ్వండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పూర్తయిన రైఫిల్ చేతికిచ్చి ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టే సరదా ఉందే, దయచేసి అది మానండి. వాళ్లున్నది విజిటర్ వీసా మీద.

ఆకారం మారితే చట్టం మారుతుంది

10/22 కొన్నప్పుడున్న రూపంలో దాదాపు ఎక్కడా గొడవ ఉండదు. గొడవంతా మీరు చెక్కే వంపులతోనే వస్తుంది. బొటనవేలు దూర్చుకునే రంధ్రం ఉన్న స్టాక్ న్యూయార్క్‌లో 10/22కి బిగిస్తే అది అక్కడి చట్టం ప్రకారం 'అసాల్ట్ వెపన్' అవుతుంది. మ్యాగజైన్ ఊడదీయగలిగే సెమీ ఆటోమేటిక్ (ఒక్కో నొక్కుకి ఒక్కో తూటా పేల్చే) రైఫిల్‌కి అలాంటి లక్షణం ఒక్కటున్నా చాలు, .22 కదా అని మినహాయింపు లేదు. కింది నుంచి పొడుచుకొచ్చే పిస్టల్ గ్రిప్, మడిచే స్టాక్ కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. కాలిఫోర్నియాలో అలాంటి లక్షణాల జాబితా సెంటర్‌ఫైర్ (తూటా అడుగున మధ్యలో కొడితే పేలే) రైఫిళ్లకే వర్తిస్తుంది, అంచున కొడితే పేలే .22కి కాదు. ఒకే చెక్క ఒక రాష్ట్రంలో సరదా, ఇంకో రాష్ట్రంలో నేరం. ఉద్యోగం మారి టెక్సస్ నుంచి న్యూజెర్సీకి సామాను సర్దుకునేటప్పుడు ఈ మాట గుర్తుకు రావాలి.

పొడవు కూడా కొలుచుకోండి. ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ బారెల్ 16 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. మామూలు 10/22 ఈ హద్దుకి తగ్గదు. జాగ్రత్త పడాల్సింది రూగర్ వాళ్లదే చార్జర్ అనే తుపాకీ విషయంలో. అది చూడ్డానికి 10/22 తమ్ముడే గానీ కాగితాల మీద పిస్టల్. దానికి భుజానికి ఆనే స్టాక్ తగిలించిన మరుక్షణం అది పొట్టి బారెల్ రైఫిల్ అయిపోతుంది. ముందే దరఖాస్తు పెట్టి అనుమతి వచ్చాకే ఆ పని చేయాలి. 2026 నుంచి దాని మీద 200 డాలర్ల పన్ను సున్నా చేశారు గానీ రిజిస్ట్రేషన్ ఎత్తేయలేదు. పన్ను పోయిందంటే అనుమతీ అక్కర్లేదని అనుకుంటే ఇరుక్కుంటారు.

దేన్ని అనుకరించాలన్న దానికీ ఒక హద్దు పెట్టుకోండి. అసలు తుపాకీని ఇంకో అసలు తుపాకీలా చేయొచ్చు, బొమ్మలా మాత్రం చేయకూడదు. 2021లో యూటాలోని ఒక కంపెనీ గ్లాక్ పిస్టల్‌కి లెగో ఇటుకల వేషం వేసి అమ్మింది. లెగో సంస్థ నోటీసు పంపాక ఆపేసింది. నోటీసు సంగతి అలా ఉంచండి, నాలుగేళ్ల పిల్లాడు దాన్ని చూసి ఏమనుకుంటాడు? ఎర్రటి, పచ్చటి రంగులు, నీళ్ల తుపాకీ ఆకారాలు నా దృష్టిలో హాస్యం కాదు, బుద్ధి తక్కువతనం.

వేషం వేశాక మీ చేతులే మోసపోతాయి

మోసపోయేది చూసేవాళ్లే అన్నాను గానీ, వేషం వేసినవాడి చేతులకూ ఆ తిప్పలు తప్పవు. థామ్సన్‌లా చేసిన స్టాక్‌కి కింద ఒక ఉత్తుత్తి మ్యాగజైన్ వేలాడుతుంటుంది. అసలు మ్యాగజైన్, పది తూటాలు పట్టే గుండ్రటిది, చెక్క లోపల కనబడకుండా ఉంటుంది. ఎవరో స్నేహితుడు ఉత్తుత్తిదాన్ని లాగేసి "ఖాళీ చేశానన్నా" అంటాడు. లోపల పదీ అలాగే ఉంటాయి. సేఫ్టీ విషయంలోనూ ఇదే తంతు. ఎం14 అలవాటున్నవాడు ట్రిగ్గర్ గార్డు ముందంచున ఉండే మీట కోసం వేలు పెడతాడు. 10/22ది ట్రిగ్గర్ ముందు అడ్డంగా తోసే బటన్. ఎర్రటి వలయం కనబడుతోందంటే పేలడానికి సిద్ధంగా ఉన్నట్టే. కాబట్టి ఉత్తుత్తి భాగం ఏదీ కదలకుండా జిగురుతో బిగించేయండి. అసలు మ్యాగజైన్ అడుగు బయటికి కనబడేలా చెక్కండి. వేరేవాళ్ల చేతికిచ్చే ముందు బోల్ట్ వెనక్కి లాగి చాంబర్‌ని (పేలే ముందు తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో తడమండి.

ఈ సేఫ్టీ బటన్ దగ్గరే ఇంకో కిటుకుంది. స్టాక్ విప్పాలంటే ముందు మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసి, బోల్ట్ లాగి, బటన్‌ను అటూ ఇటూ కాకుండా సరిగ్గా మధ్యలో ఆపాలి. లేకపోతే అది చెక్కకి తట్టుకుంటుంది. మీరు కొత్తగా చెక్కే గాడిలోనూ ఆ బటన్‌కి రెండు పక్కలా ఖాళీ ఉండాలి. బిగించాక బటన్ పూర్తిగా అటు చివరికీ ఇటు చివరికీ టక్కుమని వెళ్తోందా, ట్రిగ్గర్ వదిలితే దానంతటదే ముందుకొస్తోందా చూడండి. చెక్క అంచు రాసుకుని ట్రిగ్గర్ సగంలో ఆగిపోతే ఆ రైఫిల్ రేంజ్‌కి పనికిరాదు, మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే. బారెల్ కింద గాడిలో డాలర్ నోటు అడ్డం లేకుండా జారాలి. బారెల్ మూతికి మాత్రం ఉత్తుత్తి గొట్టం ఏదీ తగిలించొద్దు. తూటా దాని అంచుకి తగిలితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. మొదటిసారి పేల్చేటప్పుడు ఒక్క తూటాతో, తర్వాత రెండింటితో చూసి, ఆ తర్వాతే మ్యాగజైన్ నింపండి. ఒక్క నొక్కుకి రెండు పేలితే అక్కడికక్కడే ఆపేసి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

చెక్క, పొట్టు, నూనె

తూటాలు గరాజ్‌లో ఉండకూడదు, వేరే గదిలో తాళం వేసి ఉంచాలి. పని మొదలెట్టే ముందు రైఫిల్ ఇనుప భాగాలు శుభ్రంగా తుడవండి, .22 తూటాల సీసం మసి రంపపు పొట్టులో కలవకూడదు. చెక్క పొడి పీల్చడం కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది. గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్కు గానీ అంతకు మించింది గానీ పెట్టుకోవాలి. పక్కింట్లో గుర్రాలుంటే, టెక్సస్‌లో ఉంటాయి కూడా, నల్ల వాల్‌నట్ పొట్టు వాళ్లకి పరుపుగా ఇవ్వొద్దు. దాని మీద నిలబడితేనే గుర్రాల గిట్టలు వాచిపోతాయి.

దుంగ ఎంచుకునేటప్పుడు మణికట్టు భాగం, అంటే ట్రిగ్గర్ వెనక సన్నబడే చోట, చెక్క నార పొడుగునా సాగాలి. అక్కడ నార ఏటవాలుగా బయటికి వెళ్లిపోతే ఎంత అందమైన చెక్కయినా ఒక్కసారి కింద పడితే విరుగుతుంది.

ఎపాక్సీ జిగురు పోసి రిసీవర్‌ని కూర్చోబెట్టేవాళ్లు ఇనుముకి జిగురు అంటుకోకుండా చేసే మైనం రెండు పూతలు రాసి, పిన్నుల రంధ్రాలన్నీ పిల్లలు బొమ్మలు చేసే మట్టితో మూయాలి. ఒక్కటి మర్చిపోయినా రైఫిల్, చెక్క ఒకటైపోతాయి. ఎండాకాలం గరాజ్‌లో ఎపాక్సీ అనుకున్నదానికన్నా చాలా త్వరగా గట్టిపడుతుంది. పెద్ద కప్పులో కలిపి వదిలేస్తే దానంతటదే వేడెక్కి పొగ కూడా వస్తుంది. కొంచెం కొంచెంగా కలపండి, నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఒకసారి చర్మానికి పడకుండా పోతే జీవితాంతం పడదు.

పాత యుద్ధ తుపాకీ మెరుపు రావాలంటే అవిసె నూనె పట్టించాలి, నిజమే. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. నూనె గాలితో కలిసి ఆరుతూ వేడిని పుట్టిస్తుంది, కుప్పలో ఆ వేడికి బయటికి పోయే దారి ఉండదు. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం 22వ అంతస్తులో అంటుకుంది ఇలాంటి గుడ్డల వల్లే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మంటలు ఆగింది 30వ అంతస్తులో, స్ప్రింక్లర్లు ఉన్న చోట. గుడ్డల్ని, పేపర్ టవళ్లని బయట సిమెంటు నేల మీద విడివిడిగా పరిచి బిరుసెక్కేదాకా ఆరనివ్వండి. లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు, ఆ రాత్రికే చేయాలి.

ఇంటి నుంచి రేంజ్‌కి తీసుకెళ్లేటప్పుడు కేసులో పెట్టి, ఖాళీగా, డిక్కీలో. ఇంటి ముందు వెలుతురు బావుందని డ్రైవ్‌వేలో నిలబడి ఫొటోలు తీసుకోవద్దు. దూరం నుంచి చూసి 911కి ఫోన్ చేసేవాళ్లకి అది .22 అని తెలియదు, వచ్చే పోలీసుకీ తెలియదు.

రేంజ్‌కి వాడే బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగు కుట్లలో ఒక్క .22 తూటా ఇరుక్కుని ఉన్నా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరుకుతుంది, ఆ తర్వాత ఆయుధాల చట్టం కింద కేసు. బావమరిదికి చూపిద్దామని చెక్కిన స్టాక్‌ని సూట్‌కేసులో పెట్టుకోవడమూ వద్దు. 1959 నాటి ఆ చట్టంలో ఆయుధం అన్న నిర్వచనంలోకి విడిభాగాలు కూడా వస్తాయి. ఫొటోలు చూపించండి, చాలు.