నలుగురు, నాలుగు ఫోన్లు, ఒకే నౌక

పర్లాకిమిడిలో నాది జిరాక్స్, డీటీపీ షాపు. రాత్రి షట్టర్ దించాక అదే కంప్యూటర్ మీద అంతరిక్ష నౌక ఆట తయారు చేస్తుంటాను. నలుగురూ ఒకే నౌకను నడపాలి. మీకూ సరదా ఉంటే ముందు ఇలాంటిదే ఎంప్టీఎప్సిలాన్ అనే ఆట దించుకుని ఆడి చూడండి. ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు.

తర్వాత కాగితం తీసి, ఒకరికి స్టీరింగు, ఒకరికి రాడార్, ఒకరికి ఆయుధాలు, ఒకరికి ఇంజిన్ రూము అని రాయండి. ప్రతి పేరు కింద వాళ్లకు ఏం కనిపించకూడదో రాయండి. అసలు కిటుకు అదే. నా మొదటి ఆటలో స్టీరింగు వాడికి మూలన చిన్న మ్యాపు పెట్టాను. వాడే చూసుకుని వాడే నడిపేశాడు, మిగతా ముగ్గురూ బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. మ్యాపు తీసేశాక మొదలైంది గోల.

పాతపట్నం నుంచి వచ్చే మా బావది స్టీరింగు, పక్కింటి ఒడియా కుర్రాడిది రాడార్. వాడు ‘డాహాణ, డాహాణ’ అని అరుస్తున్నాడు, అంటే కుడి. బావ టెన్షన్‌లో ఎడమకు తిప్పి నేరుగా రాయికి కొట్టాడు. అందుకే ఇప్పుడు దిక్కులన్నీ 0 నుంచి 360 డిగ్రీల్లోనే. ‘నైంటీ’ అంటే ఇద్దరికీ ఒకటే. మా మేనల్లుడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు కానీ చదువు ఒడియా మీడియం, తెలుగు అక్షరాలు రావు. కాబట్టి బటన్ల మీద బొమ్మలు పెట్టాను. మాటలు తప్పనిచోట నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా ఫాంట్లు వాడాను, రెండూ ఉచితమే.

ఆట తయారు చేయడానికి గోడో అనే సాఫ్ట్‌వేర్ (గేమ్ ఇంజిన్) తీసుకోండి. అందులో 2డీ గ్రావిటీ 980 అని ముందే పెట్టి ఉంటుంది. అది తెలియక మొదటి రోజు నా నౌక నూతిలో చెంబులా కిందికి జారిపోయింది. నౌకకు గ్రావిటీ స్కేల్, అంటే దాని మీద గ్రావిటీ ఎంత పనిచేయాలో చెప్పే అంకె, సున్నా చేయండి. వేగాన్ని మెల్లగా తగ్గించే లీనియర్ డ్యాంప్‌ను కూడా, దాని మోడ్ ‘రీప్లేస్’లో పెట్టి, సున్నా చేస్తే నిజమైన అంతరిక్షంలా ఆగకుండా పోతుంది, కానీ పిల్లలు ఆడలేరు. నేను కొంచెం ఉంచాను.

లెక్కలన్నీ సర్వరే, అంటే అందరి ఫోన్లూ కలిసే ఆ ఒక్క యంత్రమే చేయాలి. ఏ ఫోన్ లెక్క ఆ ఫోన్‌కి వదిలేస్తే ఒకరి తెరమీద రాయి తగులుతుంది, ఇంకొకరి తెరమీద పక్కనుంచి పోతుంది. ఫోన్లు బటన్ నొక్కిన సంగతి మాత్రం పంపితే చాలు, అది రిలయబుల్‌గా, అంటే తప్పక చేరేలా. నౌక ఎక్కడుందో సర్వర్ సెకనుకు పదిసార్లు చెబితే సరిపోతుంది. మధ్యలో ఒకటి పోయినా వెనకే ఇంకొకటి వస్తుంది కాబట్టి అది అన్‌రిలయబుల్‌గా, అంటే చేరిందో లేదో చూసుకోకుండా పంపండి. నెట్ అక్కర్లేదు, ఒక ఫోన్ హాట్‌స్పాట్ చాలు. అయినా ఆటను ఫోన్ యాప్‌గా మార్చే ఆండ్రాయిడ్ ఎక్స్‌పోర్ట్‌లో ఇంటర్నెట్ పర్మిషన్‌కు టిక్ పెట్టాల్సిందే. ఆ ఒక్క టిక్కు కోసం నాకు రెండు రాత్రులు పట్టింది.

ఇంకొకటి. ఆట మధ్యలో మా అక్క ‘అన్నానికి రా’ అని మేనల్లుడికి ఫోన్ చేసింది. కనెక్షన్ పోయింది, ఇంజిన్ రూము ఖాళీ. మళ్లీ కలిస్తే గోడో కొత్త నంబరు ఇస్తుంది కాబట్టి సర్వర్ వాణ్ణి గుర్తుపట్టలేదు. సీటును ఆ నంబరుకు కాక, ఆడేవాడు మొదట టైప్ చేసిన పేరుకు కట్టండి. ఇప్పుడు వాడు అన్నం తినొచ్చినా సీటు అలాగే ఉంటుంది, ఈలోపు ఇంజిన్ కాలిపోకపోతే.