ఆన్‌లైన్ బ్యాకప్ పెట్టే ముందు ఇవి చూసుకోండి

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒడిశాలోని గజపతి జిల్లాను ముంచెత్తింది. అలాంటప్పుడు కంప్యూటరూ, పక్కనే పెట్టిన హార్డ్‌డిస్కూ కలిసే తడుస్తాయి. అందుకే ఒక కాపీ ఊరు దాటి ఆన్‌లైన్‌లో ఉండాలి.

• ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, ఫొటోలు కూడా సర్దుకోవాలి.

• నెట్ స్పీడులో అప్‌లోడ్ అంకె చూడండి. 2 ఎంబీపీఎస్ వస్తే 10 జీబీ ఎక్కడానికి దాదాపు 11 గంటలు. రాత్రికి వదిలేసి, కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా సెట్ చేయండి.

• పర్లాకిమిడి, బరంపురం, రాయగడలో డీటీపీ (కంప్యూటర్లో అచ్చు పేజీలు కూర్చే పని) చేసేవాళ్లకు ఇది ముఖ్యం. అను ఫాంట్లలో తెలుగు, ఆకృతి ఫాంట్లలో ఒడియా కొట్టిన పాత ఫైళ్లు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో పిచ్చి గీతల్లా తెరుచుకుంటాయి. పెళ్లికార్డుల ఫైళ్లతో పాటు ఫాంట్ ఫైళ్లనూ ఎక్కించండి. వీలైతే పీడీఎఫ్ కూడా.

• జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ టాలీ నడుస్తుండగా దాని ఫోల్డర్ కాపీ చేయొద్దు. టాలీలోనే బ్యాకప్ తీసి, ఆ ఫైలు ఎక్కించండి.

• సింక్‌ను, అంటే కంప్యూటర్లోని ఫోల్డర్‌నూ ఆన్‌లైన్ కాపీనీ ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచే ఏర్పాటును, బ్యాకప్ అనుకోవద్దు. ఇక్కడ ఫైలు చెరిపితే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. వైరస్ వచ్చి మీ ఫైళ్లకు తాళం వేస్తే ఆ పాడైన కాపీయే పైకి వెళ్తుంది. నెలకోసారి తేదీ పేరుతో వేరే కాపీ పెట్టండి.

• ఖాతాకు రెండంచెల రక్షణ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడిగేది) పెట్టి, ఓటీపీ రానప్పుడు వాడే బ్యాకప్ కోడ్‌లు కాగితంపై రాసి ఇంట్లో దాచండి. సిమ్ పోతే ఓటీపీ రాదు.

• చివరగా, ఒక ఫైలును వేరే కంప్యూటర్లో దించి తెరవండి. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు.