కళ్లద్దాలున్నా గాగుల్స్ పెట్టుకోవాల్సిందే

ఇంటర్, డిగ్రీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి వెళ్లే పిల్లలకు ఒక మాట. చూపు కోసం పెట్టుకునే కళ్లద్దాలు ల్యాబ్‌లో కంటిని కాపాడవు. పక్క నుంచో పైనుంచో చుక్క లోపలికి వచ్చేస్తుంది. వాటి మీదుగానే పట్టేవి, చుట్టూ ముఖానికి ఆనుకునేవి, స్ప్లాష్ గాగుల్స్ తీసుకోండి. రీడింగ్ చూడ్డానికి వాటిని నుదుటి మీదికి నెట్టేసే పిల్లల్ని చూస్తే నాకు టెన్షన్.

యాసిడ్ అంటే అందరికీ భయమే. సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారాన్ని మాత్రం తేలిగ్గా తీసుకుంటారు. కంటికి ఎక్కువ ప్రమాదం క్షారంతోనే. యాసిడ్ తగిలిన చోట ప్రోటీన్ గడ్డకట్టి కొంత అడ్డుపడుతుంది. క్షారం అలా ఆగదు, కణాల్లోని కొవ్వును సబ్బుగా మారుస్తూ లోపలికి దిగిపోతుంది.

ముఖ్యంగా బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచి వదిలే పొడవాటి గాజు గొట్టం) నింపేటప్పుడు చూసుకోండి. స్టాండు మీద ఎత్తుగా ఉంచి, తల పైకెత్తి పోస్తే, గరాటు పొంగినప్పుడు ద్రవం ముఖం మీదే పడుతుంది. బ్యూరెట్‌ని కిందికి దించి, గరాటు కంటి కన్నా దిగువన ఉండేలా పెట్టి పోయండి. గరాటును కాస్త పైకెత్తి పట్టుకుంటే గాలి బయటికి పోతుంది, పొంగదు.

ఒకవేళ కంట్లో పడితే నలపొద్దు, విరుగుడు మందులేవీ వేయొద్దు. వెంటనే కుళాయి కిందికి వెళ్లి, రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, కనుగుడ్డు అటూ ఇటూ తిప్పుతూ కనీసం 15 నిమిషాలు కడగాలి. రెండో కంట్లోకి నీళ్లు పోకుండా, దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉంచాలి. మంట తగ్గినా సరే, అక్కడి నుంచి నేరుగా కంటి డాక్టర్ దగ్గరికే.