వ్యాసానికి మార్కులు కదలకపోతే: లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

లక్షణం ఇది. వారానికి రెండు వ్యాసాలు రాస్తున్నారు, పేపరు రోజూ చదువుతున్నారు, నోట్సు మందంగానే ఉంది. అయినా 50కి 20 దగ్గరే బండి ఆగిపోయింది. ఎందుకంటే ఏం చెబుతారు? "నా లాంగ్వేజ్ వీక్ అండి" అంటారు, లేకపోతే "కంటెంట్ చాలట్లేదండి" అంటారు. ఈ రెండూ ఊహలే. ఏ వ్యాసంలో, ఎన్నో పేరాలో, ఏ వాక్యం దగ్గర దెబ్బతిన్నదో చూపించగలిగితేనే అది నిర్ధారణ. ఊహను నమ్ముకుని ఆరు నెలలు పదజాలం బట్టీ పట్టేవాళ్లు ఎంతమందో. వాళ్ల భాషలో అసలు లోపమే ఉండదు.

కింద చెప్పేదంతా తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్ కొలతలతో. 3 గంటలు, 150 మార్కులు, మూడు విభాగాల్లో ఒక్కో వ్యాసం, వ్యాసానికి 50 మార్కులు, సుమారు 1000 పదాలు. సివిల్స్ వ్యాసం తెలుగులో రాసేవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. అక్కడ 3 గంటల్లో 1000 నుంచి 1200 పదాల వ్యాసాలు రెండు, ఒక్కోటి 125 మార్కులు, అంతే తేడా.

ముందు ఇది చూడండి, దయచేసి దాటేయకండి

వ్యాసాన్ని మళ్లీ చదివే ముందు ప్రశ్నను తెల్లకాగితం మీద తిరిగి రాయండి. చేత్తో, మొత్తం. చాలామంది తమ వ్యాసాన్ని నాలుగుసార్లు చదువుకుంటారు గానీ ప్రశ్నను ఒక్కసారి కూడా మళ్లీ చూడరు.

ఉదాహరణకు ప్రశ్న ఇలా ఉందనుకోండి: "పంచాయతీలకు బాధ్యతలు బదిలీ అయ్యాయి, ఆర్థిక స్వేచ్ఛ బదిలీ కాలేదు. విమర్శనాత్మకంగా పరిశీలించండి." మీ వ్యాసంలో 73వ రాజ్యాంగ సవరణ ఉంది, అది 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిందని ఉంది, 11వ షెడ్యూల్‌లో 29 అంశాలున్నాయని ఉంది. అన్నీ నిజాలే. కానీ ఆ 29 అంశాల్లో ఏ పని చేయడానికి పంచాయతీ చేతిలో సొంత డబ్బు లేదో ఒక్క పేరాలోనైనా ఉందా? లేకపోతే మీరు రాసింది పంచాయతీరాజ్ మీద వ్యాసం, ఈ ప్రశ్నకు జవాబు కాదు. 29 అనే అంకె ఇక్కడ "బాధ్యతలు ఎంత పెద్దవో" చూపడానికి పనికొస్తుంది. వెంటనే "డబ్బు ఎంత చిన్నదో" చెప్పే వాక్యం రాకపోతే ఆ అంకె ఊరికే కూర్చున్నట్టే.

పరిష్కారం చిన్నదే. ప్రశ్నలో ఎన్ని వాదనలున్నాయో అన్ని గీతలు పెట్టండి. పైదాంట్లో రెండున్నాయి. మీ ప్రతి పేరా పక్కన అది ఏ గీతకు చెందుతుందో 1, 2 అని వేయండి. ఏ అంకే పడని పేరాలు మూడుకు మించితే లోపం దొరికినట్టే, ఆ వ్యాసానికి ఇంకేమీ వెతకనక్కర్లేదు. ప్రశ్న చివరి మాట కూడా చూడండి. "వివరించండి"కి రాసిన వ్యాసం "విమర్శనాత్మకంగా పరిశీలించండి"కి సరిపోదు. రెండోదానికి ఆ వాదన ఎక్కడ నిలబడదో కూడా చెప్పాలి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయనిపిస్తుంది, మార్కులు మాత్రం రావు

మనిషిని ఎక్కువగా మోసం చేసేది ఈ కారణం. పైగా ఇది మీకు బాగా వచ్చిన సబ్జెక్టులోనే ఎక్కువగా ఉంటుంది.

రాసిన రాత్రే వ్యాసాన్ని మళ్లీ చదివితే మీరు చదివేది కాగితాన్ని కాదు, మీ మనసులో ఉన్నదాన్ని. కాగితం మీద లేని మెట్టును, అంటే ఒక మాట నుంచి ఇంకో మాటకు చేర్చే కారణాన్ని, మనసు నింపేస్తుంది. నింపినట్టు మీకు తెలియను కూడా తెలియదు. విషయం ఎంత బాగా తెలిస్తే ఈ నింపడం అంత వేగంగా జరుగుతుంది. అందుకే హిస్టరీ బాగా వచ్చినవాళ్లలో కొందరికి హిస్టరీ వ్యాసంలోనే తక్కువ రావచ్చు. కొత్తగా నేర్చుకుని రాసిన సైన్స్ వ్యాసానికి ఎక్కువ రావచ్చు. కొత్త విషయంలో ప్రతి మెట్టూ తాము ఎక్కాల్సి వచ్చింది కాబట్టి ప్రతి మెట్టూ కాగితం మీద పడుతుంది. అభ్యర్థి మాత్రం "దిద్దినవాళ్లు సరిగ్గా చూడలేదు" అనుకుని, తన లోపాన్ని బలం కింద రాసుకుని ముందుకు పోతాడు.

దగ్గరగా చూద్దాం. నీటిపారుదల మీద ఒక పేరా:

"వ్యవసాయానికి ఉచిత విద్యుత్ రైతుకు పెద్ద ఊరట. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైంది. అందుకే భూగర్భ జలాల మీద ఒత్తిడి పెరిగింది. దీన్ని సరిచేయాలంటే సూక్ష్మ సేద్యాన్ని ప్రోత్సహించాలి."

రాసినవారికి ఇందులో లోటేమీ కనిపించదు. తెలియనివారి కంటితో చదవండి. కరెంటు వస్తే నీళ్లెందుకు తగ్గాలి? "అందుకే" అన్న మాట ఉంది గానీ దాని ముందు కారణం లేదు. "దీన్ని" అంటే దేన్ని, ఒత్తిడినా, ఉచిత విద్యుత్తునా? తెలంగాణలో బోరు నీళ్లు ఎక్కువగా పోయేది వరికి. వరి మడిలో మామూలుగా డ్రిప్ పెట్టరు కదా, మరి సూక్ష్మ సేద్యం ఏ పంటకు? రాసినవారి తలలో ఈ మూడింటికీ జవాబులున్నాయి, కాగితం మీద ఒక్కటీ లేదు. అదే పేరా మెట్లతో:

"యూనిట్ లెక్కన డబ్బు కట్టక్కర్లేనప్పుడు మోటారు ఇంకో గంట నడిచినా రైతు జేబుకు తేడా తెలియదు. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, మడికి నీళ్లు కావాలా వద్దా అన్నదాంతో దానికి పని లేదు. తెలంగాణలో చాలాచోట్ల నేల అడుగున గట్టి రాయి, వాన నీరు ఇంకి నిలిచే చోటు తక్కువ. తోడేది పెరిగి ఊట పెరగకపోతే బోరును ఇంకా లోతుకు దించాల్సిందే. కాబట్టి వరి నుంచి కొంత భూమైనా కూరగాయలకో పండ్లతోటలకో మారితే తప్ప డ్రిప్ సబ్సిడీ ఈ ఒత్తిడిని తగ్గించలేదు."

ఇప్పుడు "కాబట్టి"కి ముందు కారణం ఉంది. ఇంకో మెట్టు కూడా ఎక్కవచ్చు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. ఊట వైపు లెక్క అది. తోడడం, ఊట రెండూ పక్కపక్కన పెట్టిన వ్యాసం దిద్దేవారి చేతిలో ఊరికే తేలిపోదు.

ఈ లోపాన్ని పట్టుకోవాలంటే:

వ్యాసం రాశాక 7 రోజులు తెరవకండి. అంత వ్యవధి లేకపోతే మధ్యలో వేరే విభాగం వ్యాసం ఒకటి రాసి, కనీసం 2 రోజులు ఆగండి. ఈలోగా మోడల్ ఆన్సర్ చూడొద్దు. అది చూశారంటే మీ కంటికి లేని పాయింట్లే కనిపిస్తాయి, "కంటెంట్ తక్కువ" అన్న పాత పాటే వస్తుంది.

తర్వాత పెన్సిల్ తీసుకుని ప్రతి పేరా పక్కన అది ఏం చెప్పిందో 12 పదాల లోపు ఒక్క వాక్యం రాయండి. "పంచాయతీ నిధులు" అని రాస్తే లెక్కలోకి రాదు, అది పేరా దేని గురించో చెబుతుంది. "పన్ను వసూలు చేసే శక్తి లేక పంచాయతీ గ్రాంట్ల మీదే బతుకుతోంది" అంటే అది ఏం చెప్పిందో తెలుస్తుంది. వాక్యం పడకపోతే ఆ పేరాలో విషయం లేదు, మాటలున్నాయి. 1000 పదాల వ్యాసానికి ఇలాంటి వాక్యాలు 8 నుంచి 10 వస్తాయి. వాటినే వరుసగా చదవండి. అవి ప్రశ్నకు జవాబులా ఉండాలి.

ఆ తర్వాత అందుకే, కాబట్టి, దీనివల్ల, ఫలితంగా, అయినప్పటికీ అన్న మాటలన్నింటికీ సున్నా చుట్టండి. ఒక్కోదాని తర్వాతి భాగాన్ని కాగితంతో మూసి, ముందున్నది మాత్రమే చదివి, తర్వాత ఏం రావాలో చెప్పండి. మూసిన భాగం దానికి దగ్గరగా లేకపోతే అక్కడ మెట్టు పడిపోయింది. ఇది, దీన్ని, ఇటువంటివి అన్న మాటల పైన అసలు నామవాచకం రాయండి. రెండు నామవాచకాలు సరిపోతుంటే ఆ వాక్యాన్ని మార్చాల్సిందే.

ఆఖరి పరీక్ష ఇంట్లోవాళ్లతో. ఆ సబ్జెక్టు చదవని అక్కకో, తమ్ముడికో, నాన్నకో ఇచ్చి పైకి చదవమనండి. ఎక్కడ ఆగితే అక్కడ గీత పెట్టండి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు: వాళ్లు ఆగగానే "అంటే ఏంటంటే నాన్నా..." అని నోటితో వివరిస్తారు. వివరించకండి. ఒకవేళ నోరు జారితే, ఇప్పుడు మీ నోటి నుంచి వచ్చిన ఆ వాక్యాన్నే మార్జిన్‌లో రాసుకోండి. కాగితం మీద లేకపోయింది అచ్చంగా అదే.

బలం ఏమిటో తెలుసుకోవడం

ఇంట్లోవాళ్లు ఎక్కడా ఆగకుండా చదివిన పేరాలుంటాయి, వాటికి టిక్ పెట్టండి. ఒక వ్యాసం చాలదు, మూడు విభాగాల నుంచి ఒక్కోటి కావాలి. మూడింటిలోనూ టిక్ పడిన పేరాల కట్టుబడి, అంటే వాటిని కట్టిన తీరు చూడండి. కొందరికి ఊరి ఉదాహరణతో మొదలుపెడితే పేరా నిలబడుతుంది. కొందరికి ఎదుటి వాదన ముందు చెప్పి తర్వాత ఖండిస్తే నిలబడుతుంది. మీ బలం అదీ. "నాకు హిస్టరీ వచ్చు" అన్నది సిలబస్‌లో మీ పట్టు, రాతలో బలం కాదు. ఆ కట్టుబడితోనే మీ బలహీనమైన పేరా ఒకటి తిరగరాయండి, అది కుదురుతుందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది.

నోట్సులో విశేషణాలు రాయకండి. "ప్రవాహం బాగోలేదు" అన్నది ఎందుకూ పనికిరాదు. "కాబట్టి, అందుకే కలిపి 9 చోట్ల, 4 చోట్ల కారణం లేదు" అని రాసి, ఆ నాలుగు వాక్యాలూ యథాతథంగా దించుకోండి. తర్వాతి వ్యాసంలో ఆ ఒక్క లోపం మీదే పని చేయండి. ఐదు లోపాలు ఒకేసారి సరిచేద్దామని కూర్చుంటే పెన్ను కదలదు.

చివరి పేరాలు చిక్కిపోయాయి

కారణం టైమే. వ్యాసానికి 60 నిమిషాలు: 8 నిమిషాలు ప్లాన్, 46 నిమిషాలు రాత, 6 నిమిషాలు చూసుకోవడం. 46 నిమిషాల్లో 1000 పదాలంటే నిమిషానికి సుమారు 22. గడియారం పెట్టుకుని 10 నిమిషాలు రాసి, పదాలు లెక్కపెట్టండి. 180 కూడా రాకపోతే పాయింట్లు తగ్గించి ప్లాన్ చేసుకోవాలి. గబగబా రాయడం దీనికి మందు కాదు.

మొదటి పేరా ఏ వ్యాసానికైనా అతుకుతుంది

ఉపోద్ఘాతాన్ని మూసి, దాన్ని ఇంకో ప్రశ్న కింద పెట్టి చదవండి. అక్కడా సరిపోతే అది ఆవు వ్యాసం. కొట్టేసి, ప్రశ్నలో ఉన్న పేచీతోనే మొదలుపెట్టండి.

వాక్యాలు బరువుగా ఉన్నాయి

"చర్యలు తీసుకోబడ్డాయి", "అమలు చేయబడుతోంది" లాంటివి వెతకండి. ఇంగ్లిష్ మెటీరియల్ నుంచి నోట్సు రాసుకునేవారికి ఇది తప్పదు. చేసినవారి పేరు పెడితే సగం బరువు దిగుతుంది: "జిల్లా పరిషత్ టెండర్లు పిలిచింది." ఒకే వాక్యంలో చేసి, చూసి, వెళ్లి, ఇచ్చి అని నాలుగు అసమాపక క్రియలు దాటితే దాన్ని రెండుగా విరవండి.

మిగతావి

చేతిరాత చదవగలిగేలా ఉంటే దాన్ని వదిలేయండి. అక్కడక్కడా ఒత్తు తప్పిందనో, పెన్ను మంచిది కాదనో మార్కులు ఆగిపోవు. కొటేషన్లు లేకపోవడం కూడా లోపం కాదు. పదసంపద పుస్తకం కొనాలనిపిస్తే, పై పరీక్షలన్నీ పెట్టిన మూడు వ్యాసాల్లో ఎక్కడా మెట్టు పడిపోలేదని తేలాక కొనండి.