రెడ్‌ఫిష్ వేటకు గైడ్ పడవను ఎలా బుక్ చేసుకోవాలి?

హ్యూస్టన్‌లోని తెలుగువారి ఇళ్లకు వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, నాసా అంతరిక్ష కేంద్రం, పియర్‌లాండ్ మీనాక్షి అమ్మవారి గుడి చూపించడం పూర్తయ్యాక, ఎవరో ఒకరు గాల్వెస్టన్‌లో చేపల వేటకు వెళ్దామంటారు. అన్న సాయంత్రమే ఫోనులో కనిపించిన మొదటి పడవకు డబ్బు కట్టేస్తారు. ఆ తర్వాత నాకు ఫోను చేసి, పడవలో ముగ్గురికే చోటుందట, మేము ఆరుగురం, ఏం చేయమంటారు అని అడుగుతారు. కొన్నేళ్లుగా ఏడాదికి మూడు నాలుగు సార్లు స్నేహితుల కోసం ఈ వేటలు కుదురుస్తున్నాను కనుక, ఇదే తప్పును మళ్లీ మళ్లీ చూసి విసిగిపోయి ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను చెప్పబోయేది నడిసంద్రంలోకి వెళ్లే వేట గురించి కాదు. టెక్సాస్ తీరానికీ, దాని ముందు బారుగా పరుచుకున్న ఇసుక దీవులకూ మధ్య ఉండే లోతు తక్కువ ఉప్పునీటి బేలలో జరిగే వేట గురించి. పులికాట్ సరస్సు చూసినవారికి ఈ నీళ్ల స్వభావం సులభంగానే అర్థమవుతుంది. రెడ్‌ఫిష్ కూడా మనకు పూర్తిగా పరాయిది కాదు. కోనసీమ తీరంలో ఒక్కటి వలలో పడితే పత్రికల్లోకి ఎక్కే కచిడి చేప కుటుంబమే దీనిదీను. కచిడికి లక్షల ధర తెచ్చిపెట్టే గాలితిత్తితోనే ఈ మగ చేప నీటి అడుగున డప్పు కొట్టినట్టు చప్పుడు చేస్తుంది. రెడ్‌ఫిష్‌కు రెడ్ డ్రమ్ అనే మరో పేరు అందుకే వచ్చింది. ఒంటికి రాగిరంగు, తోక మొదట్లో నల్లని మచ్చ ఉంటాయి కనుక గుర్తుపట్టడం కష్టం కాదు.

ముందు నెల, ఆ తర్వాత వారం

సెప్టెంబరు నుంచి నవంబరు వరకు మంచి కాలం. ఆ నెలల్లో పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి బే ముఖద్వారాల వైపు, గాల్వెస్టన్ జెట్టీల (సముద్రంలోకి కట్టిన రాతి గోడల) చుట్టూ చేరుతాయి. మార్చి, ఏప్రిల్‌లలో ఆగ్నేయపు గాలి రోజుల తరబడి వీచి బే నీటిని బురద చేస్తుంది కాబట్టి నేను ఆ నెలల్లో ఎవరికీ బుక్ చేయను. శీతాకాలంలో ఉత్తరపు గాలి కొట్టిందంటే బేలోని నీరు సముద్రంలోకి తోసుకుపోయి చేపలు లోతైన కాలువల్లోకి దిగిపోతాయి. ఆ సంగతి ఎరిగిన కెప్టెన్, అంటే పడవ నడుపుతూ వేట చేయించే గైడ్, దొరికితే జనవరిలో కూడా వేట బాగానే సాగుతుంది. పెద్దవారు జూలైలోనే ఉంటారంటే తెల్లవారకముందే బయలుదేరి పదకొండు గంటలకల్లా ఒడ్డుకు చేరే పూట మాత్రమే తీసుకోవాలి. శనివారం వద్దు. శనివారం బేలో పడవల రద్దీ చూస్తే సంక్రాంతి ముందు రోజు విజయవాడ బస్టాండు గుర్తొస్తుంది. మంగళవారమో బుధవారమో ఆఫీసుకు సెలవు పెట్టుకోండి.

సగం రోజే తీసుకోండి. పూర్తి రోజు తీసుకుంటే గంటకు పడే ఖర్చు తగ్గుతుందని లెక్క చెప్పేవారుంటారు కానీ, అయిదో గంటకు పిల్లలు నిద్రపోతారు, పెద్దలు ఒడ్డు ఎప్పుడొస్తుందని అడుగుతారు, కెప్టెన్ ఒక్కడే చేపలు పడుతుంటాడు.

లైసెన్సు

దీనికి పది నిమిషాలు చాలు. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో ఒకరోజు ఆల్ వాటర్ లైసెన్సు (మంచినీళ్లకూ ఉప్పునీళ్లకూ చెల్లేది) దొరుకుతుంది. టెక్సాస్ నివాసికి 11 డాలర్లు, బయటివారికి 16 డాలర్లు. 17 ఏళ్లు నిండని పిల్లలకు అక్కరలేదు. ఫ్లోరిడాలో కొన్నాళ్లు ఉండి వచ్చినవారు మాత్రం ఇక్కడ తప్పకుండా పొరబడతారు. అక్కడ పడవ యజమాని లైసెన్సు ప్రయాణికులందరికీ సరిపోతుంది. టెక్సాస్‌లో గైడ్ ఉన్నా సరే, గాలం పట్టే ప్రతి పెద్ద మనిషికీ సొంత లైసెన్సు ఉండాలి. నిబంధనలు మారితే సాధారణంగా సెప్టెంబరు 1 నుంచి మారుతాయి కనుక ఆ నెలలో వెళ్లేవారు వెబ్‌సైట్‌ను మరోసారి చూసుకోవాలి.

కెప్టెన్ అర్హత విషయంలో రెండు కాగితాలు అడగండి: యు.ఎస్. కోస్ట్ గార్డ్ ఇచ్చిన కెప్టెన్ లైసెన్సు, రాష్ట్రం ఇచ్చిన ఫిషింగ్ గైడ్ లైసెన్సు. నిజమైన గైడ్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. నొచ్చుకున్నవాడి దగ్గర బుక్ చేయకండి.

డబ్బు కట్టేముందు ఒక ఫోను

పని చెడిపోయేది ఇక్కడే. మిగతా దశలన్నింటిలో చిన్న పొరపాటు చేసినా సర్దుకోవచ్చు కానీ, ఈ ఫోను చేయకుండా డబ్బు కట్టినవారి ప్రయాణం బాగుపడటం నేను అరుదుగా చూశాను. అన్నీ యాప్‌లోనే నొక్కి ముగించే అలవాటు మనకు బాగా పట్టేసింది. కానీ మీ నాన్నగారి మోకాళ్ల సంగతి యాప్ అడగదు, పడవలో మరుగుదొడ్డి లేదనీ చెప్పదు. కెప్టెన్లు రోజంతా నీళ్ల మీద ఉంటారు కాబట్టి సాయంత్రం ఏడు తర్వాత ఫోను చేయండి. ఫోనులో మాట్లాడటానికి ఇష్టపడని కెప్టెన్ పడవలో నాలుగు గంటలు మీతో ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు.

ఫోను ఎత్తగానే ధర అడగవద్దు. ముందు మీ గురించి దాపరికం లేకుండా చెప్పండి. మనవాళ్లలో ఎక్కువమంది ఈ చోటే బిడియపడతారు. గాలం పట్టడం రాదని చెబితే చులకనగా చూస్తాడేమోనని, కాస్త అలవాటుందని అంటారు. అలవాటుందని విన్న కెప్టెన్ మర్నాడు ఎర లేకుండా, బంగారు రంగు రేకు స్పూను కట్టిన గాలం చేతికిచ్చి, గడ్డి అంచుకు ముప్పై గజాల దూరం నుంచి విసరమంటాడు. రెండు గంటల తర్వాత ఒక్క చేపా పడదు, భుజాలు మాత్రం నొప్పి పెడతాయి. అదే మనిషికి నిజం చెప్పి ఉంటే బతికున్న రొయ్యను గుచ్చి, పైన బెండు కట్టి, బెండు మునిగినప్పుడు లాగితే చాలని చెప్పేవాడు. ఫోనులో మీ మాట ఇలా ఉండాలి: "మేము నలుగురం. ఇద్దరు ఇంతవరకు గాలం పట్టలేదు. మా నాన్నగారికి 68 ఏళ్లు, ఎక్కువసేపు నిలబడలేరు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు." ఇది విన్నాక కెప్టెన్ అడిగే మొదటి ప్రశ్నను బట్టి అతను ఎలాంటివాడో తెలుస్తుంది. అమ్మాయి కొలతకు లైఫ్ జాకెట్ ఉందని తనంతట తానే చెప్పినవాడు దొరికితే వెతకడం ఆపేయవచ్చు. 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపు 13 ఏళ్లు నిండని పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలన్నది టెక్సాస్ చట్టం.

తర్వాత పడవ గురించి అడగండి. కోస్ట్ గార్డ్ లైసెన్సు మీద ఆరుగురిని ఎక్కించుకోవచ్చు కదా అని చాలామంది వాదిస్తారు. చట్టం ఒప్పుకోవడం వేరు, పడవలో చోటుండటం వేరు. కర్రతో తోసుకుంటూ వెళ్లే చిన్న స్కిఫ్‌లో ఇద్దరు, 22 నుంచి 24 అడుగుల బే బోటులో ముగ్గురు, మహా అయితే నలుగురు. అంతకు మించితే రెండు పడవలు మాట్లాడుకోండి. ఈ పడవల్లో చాలావాటికి మరుగుదొడ్డి ఉండదు, నీడనిచ్చే పైకప్పూ అన్నింటికీ ఉండదు. ఈ రెండూ అడగకుండా అమ్మను, అత్తగారిని తీసుకువెళ్లకూడదు.

మూడో ప్రశ్న, వేట పడవలోంచా, నీళ్లలో దిగి నడుస్తూనా అన్నది. టెక్సాస్ గైడ్లలో చాలామందికి నడుములోతు నీళ్లలో నడుస్తూ వేటాడటమే ఇష్టం. మొదటిసారి వచ్చినవారికి అది తగదని నా నియమం. బురదలో స్టింగ్‌రే అనే ముల్లుతోక చేప పడుకుని ఉంటుంది. వేసవి నీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా చిన్న గాయంలోంచి కూడా ఒంట్లోకి చేరగలదు. మధుమేహం, కాలేయ జబ్బు ఉన్నవారికి అది ప్రాణాంతకం కావచ్చు. మన ఇళ్లలో మధుమేహం లేని పెద్దవారు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. పడవ దిగే పని లేదని కెప్టెన్ నోట స్పష్టంగా చెప్పించుకోండి.

నాలుగోది గాలి. వాన పడితే ఏమవుతుందని అందరూ అడుగుతారు, గాలి వీస్తే ఏమవుతుందని ఎవరూ అడగరు. చినుకుల్లో చేపలు పడతాయి కానీ, గంటకు 20 మైళ్లు దాటిన గాలిలో మొదటిసారి వచ్చినవారికి గాలం విసరడమే చేతకాదు. ఒకసారి గాలి పాతిక మైళ్లతో వీస్తున్న ఉదయం ఒక కెప్టెన్ ఏమీ ఫరవాలేదంటూ మమ్మల్ని తీసుకువెళ్లాడు. గంటకల్లా మా అత్తగారు పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటుంటే వెనక్కి తిప్పాల్సి వచ్చింది. బయలుదేరాం కాబట్టి పూర్తి సొమ్ము ఇవ్వాల్సిందే అన్నాడు. ముందుగా మాట్లాడుకోని నేనే నోరు మూసుకుని ఇచ్చాను. ఇప్పుడు మూడు సంగతులు ముందే తేల్చుకుంటాను: గాలి ఎంతకు పెరిగితే ప్రయాణం మానుకుంటాం, ఆ మాట ఎన్ని గంటల ముందు చెబుతారు, మానుకుంటే డిపాజిట్ తిరిగి ఇస్తారా లేక మరో తేదీకి మారుస్తారా. ఊరి నుంచి వచ్చినవారు వచ్చేవారం విమానం ఎక్కేస్తారంటే మరో తేదీ అక్కరకు రాదు, డబ్బే వెనక్కి కావాలి. ఇదీ మాట్లాడాక మాత్రమే ధర అడగండి. ఆ ధరలో ఎర, గాలాలు, చేపలు శుభ్రం చేయడం కలిసి ఉన్నాయా, ఎంతమందికి ఆ ధర, తలకు అదనంగా ఎంత అన్నవి కూడా అప్పుడే అడగాలి. గైడ్‌కు ఇచ్చే టిప్పు ఎలాగూ విడిగా ఉంటుంది. ధరలో 15 నుంచి 20 శాతం నగదుగా ఉంచుకోండి.

ఫోను పెట్టేశాక, మాట్లాడుకున్నదంతా నాలుగైదు వాక్యాల్లో మెసేజ్ పంపి, అతను సరేనని జవాబిచ్చాకే డిపాజిట్ కట్టండి. మూడు రోజుల ముందు నుంచి నేషనల్ వెదర్ సర్వీస్ వారి గాల్వెస్టన్ బే సముద్ర వాతావరణ సూచన చూస్తూ ఉండండి. అందులో చిన్న పడవలకు హెచ్చరిక కనిపిస్తే కెప్టెన్ ఫోను కోసం ఎదురుచూడకుండా మీరే చేయండి.

తీసుకెళ్లవలసినవి

టోపీ, పొడుగు చేతుల చొక్కా, పోలరైజ్డ్ కళ్లద్దాలు, పడవ మీద మరకలు వేయని చెప్పులు, మంచినీళ్లు, పులిహోర. ఇంటికి చేపలు తీసుకెళ్లడానికి కారులో ఐసు పెట్టె. అరటిపండ్లు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. పడవలో అరటిపండు అపశకునమని ఇక్కడి కెప్టెన్లలో చాలామంది నమ్మకం. గడప దాటుతుండగా ఎవరైనా తుమ్మితే ఆగి మంచినీళ్లు తాగి బయలుదేరే మనం దానికి నవ్వకూడదు.

పట్టాక

టెక్సాస్‌లో 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్న రెడ్‌ఫిష్‌ను మనిషికి రోజుకు మూడు చొప్పున ఉంచుకోవచ్చు. గైడ్ వాటా ఆ లెక్కలోకి రాదు, కనుక ముగ్గురు వెళితే తొమ్మిది. 28 దాటిన చేపను ఉంచుకోవడానికి వేరే ట్యాగ్ (అనుమతి చీటీ) కావాలి, కానీ నేను కుదిర్చిన పడవలో అలాంటిది ఫోటో తీసుకున్న వెంటనే నీళ్లలోకి పోతుంది. అవి గుడ్లు పెట్టే తల్లులు. మాంసం ముతకగా ఉండి పులుసుకు కూడా పనికిరాదు. 1980లలో కారం దట్టించి పెనం మీద మాడ్చిన రెడ్‌ఫిష్ మోజు అమెరికా హోటళ్లను పట్టుకున్నప్పుడు ఈ చేప దాదాపు కరువైంది. టెక్సాస్ ప్రభుత్వం 1981లోనే తన జలాల్లో పట్టిన రెడ్‌ఫిష్ అమ్మకాన్ని నిషేధించింది. ఇప్పటికీ ఇక్కడి బేలో పడ్డ రెడ్‌ఫిష్‌ను బజారులో కొనలేరు, హోటల్లో వడ్డించేది ఎక్కువగా చెరువులో పెంచినదే. లూసియానా వెళ్లేవారికి లెక్క వేరు: 2024 నుంచి అక్కడ 18 నుంచి 27 అంగుళాలు, మనిషికి నాలుగు.

రేవుకు చేరాక కెప్టెన్ కత్తి తీసేలోపే చెప్పవలసిన మాట ఒకటుంది. అతను అలవాటు కొద్దీ రెండు పక్కల మాంసం కోసుకుని, తల, నడిముల్లు పెలికాన్లకు విసిరేస్తాడు. కొందరు నిప్పుల మీద కాల్చుకునేందుకు వీలుగా పొలుసు తీయకుండానే కోసి ఇస్తారు. మీకు తల పులుసుకు కావాలంటే, ముక్కలు ముల్లుతోనే కావాలంటే, తలలు పారేయవద్దని ముందే చెప్పండి. పొలుసు పలకల్లా గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ పని కూడా రేవులోనే చేయించుకోండి. వంటగదిలో మొదలుపెడితే వారం తర్వాత కూడా పొయ్యి వెనక పొలుసులు దొరుకుతూనే ఉంటాయి. శుభ్రం చేసిన చేపలను ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, కరిగిన నీళ్లు తగలకుండా ఐసు మీద పేర్చి, టిప్పు చేతికిచ్చి, అక్టోబరులో ఖాళీగా ఉన్న మంగళవారాలేమిటో అప్పుడే అడిగి రాసుకోండి.